11 పాయింట్ల ఆధిక్యం పోయింది జోన్ వల్లా, జోన్ సరిగా ఆడనందుకా?

బేస్‌లైన్_తిరుపతి
నిన్న సాయంత్రం తిరుపతిలో జరిగిన అమ్మాయిల అంతర్ కళాశాలల బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడనివాళ్ల కోసం చెప్తున్నా. నాలుగో క్వార్టర్‌లో 6 నిమిషాలుండగా నీలం జట్టు 48-37తో ముందుంది. చివరికి 52-54తో ఓడింది. ఆ 6 నిమిషాలూ 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఒక్కొక్కరూ కోర్టులో ఒక్కో చోటును కాయడం) వదల్లేదు. ఎర్ర జట్టు చేసింది ఒక్కటే పని, పాస్ బాగా ఇచ్చే పిల్లను ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబెట్టింది. బంతి ఆమె చేతికి రాగానే వెనక మధ్యలో కాసే నీలం సెంటర్ ముందుకొచ్చేసింది. వెనకున్న ఇద్దరు ఫార్వర్డులూ రింగు కాపాడ్డానికి లోపలికి ముడుచుకున్నారు. కార్నర్ ఖాళీ. మూడుసార్లు అదే ఆట, మూడు త్రీలు, అంటే మూడు పాయింట్ల షాట్లు. పైగా కార్నర్లో త్రీ లైన్ 6.60 మీటర్లే, మిగతా చోట్ల 6.75. మొదటి త్రీ పడగానే మ్యాన్-టు-మ్యాన్‌కి (ఒక్కొక్కరూ ఒక్కో మనిషిని కాయడం) మారాల్సింది.

చిత్తూరు_జోన్
అక్కా, మూడు త్రీలంటే 9. వాళ్లు ఆ 6 నిమిషాల్లో వేసింది 17. మిగతా 8లో రెండు బాస్కెట్లు ఆఫెన్సివ్ రీబౌండ్ల మీద (తప్పిన తమ షాట్‌ని తామే అందుకుని) వచ్చినవి, 4 ఫ్రీ త్రోలు. వాటిని ఎందుకు వదిలేశారు?

నీలం సెంటర్ మీద అప్పటికే 4 ఫౌళ్లు ఉండాయి. మ్యాన్‌కి మారితే ఎర్ర గార్డు స్క్రీన్ (కాసేవాళ్ల దారికి అడ్డంగా తోటి పిల్ల నిలబడడం) పెట్టించుకుని నేరుగా ఆ సెంటర్ మీదికే వస్తుంది. అయిదోది పడితే పిల్ల బయటికి, బెంచీలో ఆ ఎత్తు మనిషి ఇంకొకరు లేరు. తప్పు జోన్‌ది కాదు, కదలికది. బంతి ఫ్రీ త్రో లైన్‌కి వస్తే సెంటర్ కదలకూడదు. పైనున్న ఇద్దరు గార్డుల్లో బంతికి దూరంగా ఉన్నామె వెనక్కి జారి ఆ పాసర్ ముందు నిలబడాలి. అప్పుడు వెనక ముగ్గురూ ఉంటారు, కార్నర్‌కి పోవడానికి ఫార్వర్డ్ దొరుకుతుంది.

గాంధీరోడ్డు
టైమౌట్ల సంగతి ఎవరూ ఎత్తరేం? రెండో సగానికి 3 ఉంటాయి. చివరి 2 నిమిషాల్లో 2కి మించి వాడకూడదు. నీలం కోచ్ మూడూ దాచుకుని ఆ 2 నిమిషాల్లోకి వచ్చాడు. ఒకటి ఊరికే పోయింది.

బేస్‌లైన్_తిరుపతి
రీబౌండ్లు కూడా జోన్ వల్లే పోయాయి తమ్ముడూ. కార్నర్ నుంచి వేసిన షాట్ తప్పితే బంతి ఎక్కువగా అవతలి వైపు పడుతుంది. జోన్‌లో ఆ వైపు ఒక్క ఫార్వర్డే ఉంటుంది, ఆమె చుట్టూ ఇద్దరు ఎర్ర పిల్లలు. ఎవర్ని వీపుతో ఆపాలి? మ్యాన్‌లో ఎవరి మనిషి వాళ్లకి తెలుసు, ఈ వెతుకులాటే ఉండదు.

ఫ్రీ త్రోలు చూడండి. క్వార్టర్‌లో అయిదో టీమ్ ఫౌల్ నుంచి ప్రతిదానికీ 2 షాట్లు. ఆ రెండు ఫౌళ్లూ ఆలస్యంగా కార్నర్‌కి పరిగెత్తి, ఆగలేక మీద పడినవే. క్లోజౌట్‌కి, అంటే షాట్ వేసే పిల్ల మీదికి వెళ్లేటప్పుడు, దూరంలో మూడింట రెండు వంతులు పరుగు, ఆ తర్వాత చిన్న చిన్న అడుగులు, నడుం దించి, ఒక చెయ్యి పైకి. దుమ్ముపట్టిన సిమెంటు కోర్టులో చివరిదాకా పరిగెత్తితే కాలు జారక ఏమవుతుంది?

చిత్తూరు_జోన్
లోపల కిక్కిరిసి నిలబడి పెద్ద జట్లనే ఓడించారు. 2023లో అమెరికా కాలేజీ మహిళల సెమీఫైనల్లో అయోవా జట్టు అప్పటిదాకా ఓటమి లేని సౌత్ కరోలినాను 77-73తో ఓడించింది. అందరూ అయోవా గార్డు కైట్లిన్ క్లార్క్ వేసిన 41 పాయింట్ల గురించే మాట్లాడతారు. బయట షాట్ లేని గార్డుల్ని వదిలేసి అయోవా లోపల ఎట్లా కాచుకుందో చూడండి.

బేస్‌లైన్_తిరుపతి
ఆ మ్యాచ్‌లోనూ రీబౌండ్లు సౌత్ కరోలినాకే ఎక్కువ. ఇంకోటి, అయోవాకి ఎవర్ని వదలాలో ముందే తెలుసు. నీలం వదిలింది మూడో క్వార్టర్‌లోనే రెండు త్రీలు వేసిన 9వ నంబరు పిల్లను! అది డిఫెన్స్ ఎట్లా అవుతుంది?

హుక్‌షాట్
మన అమ్మాయిలు 40 నిమిషాలు మ్యాన్ ఆడలేరండీ. స్టామినా చాలదు. అందుకే జోన్.

బేస్‌లైన్_తిరుపతి
ఈ మాట ఇంకోసారి అనొద్దు. జోన్‌లో ఫార్వర్డ్ రింగు దగ్గర్నుంచి కార్నర్‌కి, కార్నర్ నుంచి రింగుకి ప్రతి 24 సెకన్లలో ఎన్నిసార్లు పరిగెత్తుతుందో కూర్చుని లెక్కపెట్టండి. అది స్టామినా లేనివాళ్లు చేసే పనా? వీళ్లకి మ్యాన్ నేర్పినవాళ్లు లేరు. ఎంట్రీ పంపేముందు 20 రోజులకి టీమ్ కూరుస్తారు. అబ్బాయిల ప్రాక్టీసు అయ్యాక వెలుతురు పోయే వేళకి కోర్టు ఇస్తారు. రెండు వారాల్లో కుదిరేది జోన్ కాబట్టి జోన్ పెడతారు. దానికి పిల్లల శరీరాల్ని సాకు చూపించొద్దు.

చిత్తూరు_జోన్
హుక్‌షాట్ మాట నాది కాదక్కా, నేనూ ఒప్పుకోను. కానీ మీరు ఇప్పుడన్నదే నా మాట. 20 రోజులే ఉన్నప్పుడు నేర్పని మ్యాన్‌ని, 6 నిమిషాలుండగా, 4 ఫౌళ్ల సెంటర్‌తో ఆడమనడం పిల్లలకి అన్యాయం. స్క్రీన్ వస్తే మారాలా, వెంటపడాలా, ఎవరు పిలవాలి? ఒక్కరు తడబడినా నేరుగా రింగు దగ్గర లేఅప్పే. మీ కోపం ఆ 20 రోజుల మీద. దాన్ని తెచ్చి నిన్నటి కోచ్ మీద పెడతా ఉండారు.

బేస్‌లైన్_తిరుపతి
పెడతాను, ఎందుకంటే ఆ 20 రోజులూ ఆయన చేతిలోవే. రోజుకి 15 నిమిషాలు షెల్ డ్రిల్ చాలు. నలుగురు త్రీ లైన్ చుట్టూ బంతి తిప్పుతారు, నలుగురు కాస్తారు, డ్రిబుల్ లేదు. బంతి ఒక పాస్ దూరంలో ఉంటే పాస్ దారిలో చెయ్యి. రెండు పాసుల దూరంలో ఉంటే ఒక కాలు పెయింట్‌లో (రింగు ముందు గీతల మధ్య), బంతీ మన మనిషీ రెండూ కనిపించాలి. వారం తర్వాత డ్రిబుల్, ఆ తర్వాత స్క్రీన్. ఇది వచ్చిన పిల్ల జోన్‌లో కూడా కార్నర్‌కి సగం సెకను ముందే కదులుతుంది. ఒక్క కప్పు కోసం వాళ్లకి జోన్ ఒక్కటే నేర్పి పంపితే పై టోర్నమెంట్లలో సెలక్షన్‌కి వెళ్లిన రోజు నిలబడలేరు.

చిత్తూరు_జోన్
షెల్ డ్రిల్ సరే, నేను కాదనలేదు. అయినా 11 ముందున్న జట్టుకి ఆ రాత్రి కావాల్సింది గెలుపు. గార్డు ఒక్కమె నాలుగడుగులు వెనక్కి జారుంటే గెలిచేది. ఈ మాట మార్చను.

గాంధీరోడ్డు
రెండో త్రీ పడ్డప్పుడు గడియారంలో 2:14 ఉండాది. బాస్కెట్ ఇచ్చిన జట్టు అప్పుడు టైమౌట్ అడగొచ్చు. మూడో టైమౌట్ పోకుండా వాడుకోడానికి ఇంకా 14 సెకన్లు ఉన్నాయి. టైమౌట్ అంటే 60 సెకన్లు. గార్డుని వెనక్కి జారమని చెప్పడానికి గానీ, 9వ నంబరుని ఎవరు పట్టుకోవాలో చెప్పడానికి గానీ అది సరిపోయేది. కోచ్ చేతులు కట్టుకునే నిలబడ్డాడు.