ఇంటర్ గణితం: ముఖ్య ప్రశ్నల జాబితా చాలునా, నిరూపణలూ చెప్పాలా?

పొదిలి నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయి ఒంగోలులో ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది. అక్కడ ప్రతి పాఠానికీ ముందుగా ముఖ్య ప్రశ్నల జాబితా ఇచ్చి, వాటి సాధనలనే పదేపదే రాయిస్తున్నారు. సూత్రం ఎలా వచ్చిందని అడిగితే, అది పరీక్షలో రాదని జవాబు వస్తోందట. మార్కులు బాగానే వస్తున్నాయి కనుక నేను ఆక్షేపించాలా, ఊరుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

కావలి నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు:
ఆక్షేపించవలసిందే. మొదటి సంవత్సరపు గణితం ఏ, బీ అని రెండు పత్రాలుగా ఉన్నప్పటి బీ పత్రంలోని సరళరేఖాయుగ్మాన్నే, అంటే ఒకే సమీకరణం సూచించే రెండు సరళరేఖలనే తీసుకోండి. రెండు రేఖల వాలుల మొత్తమూ లబ్ధమూ సమీకరణపు గుణకాల నుంచే దొరుకుతాయి. వాటితో వాలుల భేదాన్ని రాసి, రెండు రేఖల మధ్య కోణానికి ముందే తెలిసిన టాంజెంట్ సూత్రంలో ఉంచితే, యుగ్మపు కోణసూత్రం నాలుగు పంక్తుల్లో వచ్చేస్తుంది. ఆ నాలుగు పంక్తులూ ఒకసారి స్వయంగా రాసిన విద్యార్థికి, వాలుల లబ్ధం మైనస్ ఒకటైతే రేఖలు లంబాలని, భేదం సున్న అయితే ఏకీభవిస్తాయని వేరుగా కంఠస్థం చేయవలసిన అవసరమే ఉండదు. జాబితాతో చదివినవాడు మాత్రం ఈ మూడింటినీ మూడు సంబంధంలేని విషయాలుగా మోస్తాడు, పరీక్ష గదిలో ఒక గుర్తు తారుమారైతే సరిచూసుకునే దారి కూడా అతనికి ఉండదు. గణితానుగమనం, అంటే ఒక సంఖ్యకు నిజమైతే తర్వాతి సంఖ్యకూ నిజమని చూపే నిరూపణ పద్ధతి, దాని గతి మరీ దారుణం. 'కే'కి నిజమని అనుకుందాం అని అందరూ రాస్తారు, ఎందుకు అనుకోవచ్చో చెప్పగలిగినవారు అరుదు.

కనిగిరి నుంచి ఒక జూనియర్ కళాశాల అధ్యాపకుడు:
మాస్టారి మాట కాదనను గాని, ఆ మాట ఏ విద్యార్థిని ఉద్దేశించినదో చూడాలి. మా తరగతిలో భిన్నాల కూడికలోనే తడబడేవారు ఉన్నారు. ఇంటర్ తప్పితే వారి చదువు అక్కడే ఆగిపోతుంది. 75 మార్కుల పాత ఏ పత్రంలో ఉత్తీర్ణతకు 26 కావాలి, మాత్రికల (మ్యాట్రిక్స్‌ల, అంటే అంకెల పట్టికల) పాఠం ఒక్కటే 20 మార్కులకు పైగా ఇచ్చేది. ఆ ఒక్క పాఠాన్ని గట్టిగా రాయించి గట్టెక్కించిన పిల్లలు ఈరోజు డిగ్రీలో ఉన్నారు. 2025–26 నుంచి మొదటి సంవత్సరపు ఏ, బీ పత్రాలు కలిసి 100 మార్కుల ఒకే పత్రం అయింది. పత్రం మారినా వచ్చే పిల్లలు మారలేదు. పైగా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది కనుక, జాబితాను హీనంగా చూడటం న్యాయం కాదు.

నెల్లూరు నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి:
ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటలు. అందులో గణితానివే 80. ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు మాత్రమే దొరికే చోట నిరూపణ రాస్తూ కూర్చోలేము, అది నిజమే. అయితే సూత్రం మరిచిపోయినప్పుడు నన్ను ఆదుకున్నవి మాత్రం నేను ఒకప్పుడు నిరూపించిన సూత్రాలే.

కావలి విశ్రాంత అధ్యాపకుడు:
కనిగిరి మిత్రులు చెప్పిన విద్యార్థి విషయంలో నాకు పేచీ లేదు. సంక్రాంతి సెలవుల తర్వాత అతనికి జాబితాయే దిక్కు. నా అభ్యంతరం జూన్‌లో జాబితా పట్టుకోవడం మీద. భిన్నాలు రానివాడికి మాత్రికల సాధన అచ్చుగుద్దినట్టు రాయించినా, అంకెలు మారిస్తే ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. మొదటి నెల బీజగణితాన్ని సరిచేయడానికి కేటాయించండి. అన్ని నిరూపణలూ అక్కరలేదు, పాఠానికి ఒక్కటి చాలు, అదీ పిల్లవాడి చేత రాయించాలి. పొదిలి వారి అమ్మాయికి మార్కుల ఇబ్బంది లేదు కనుక ఆమెను ఈ జాబితాకే పరిమితం చేయడానికి ఏ సాకూ లేదు. రోజూ ఒక సూత్రాన్ని ఇంట్లో రాబట్టి చూసుకోమనండి.

కనిగిరి అధ్యాపకుడు:
పాఠానికొక నిరూపణ అన్నది ఒప్పుకోదగిన మాట. ఆ మొదటి నెల గురించే నా సందేహమంతా. ప్రవేశాలు ముగిసి తరగతి నిండేసరికే జూలై గడిచిపోతుంది. ఆలస్యంగా చేరినవారికి బీజగణితం ఎప్పుడు, ఏ పీరియడులో చెప్పాలో మాస్టారు వివరించగలరా?