ఫిట్స్ మందులు వాడుతూ గర్భం: యూరాప్ రిజిస్ట్రీలో చేరినవాళ్లు ఉన్నారా?

వెన్నెల_స్టాక్‌హోమ్:
అందరికీ నమస్తే. ఇంటర్ చదివే రోజుల నుంచి నాకు ఫిట్స్. లామోట్రిజిన్‌తో కంట్రోల్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు తొమ్మిదో వారం. మొన్న న్యూరాలజిస్ట్ యూరాప్ అనే రిజిస్ట్రీలో చేరతావా అని అడిగి కాగితాలు చేతికిచ్చారు. ఫిట్స్ మందులు వాడే గర్భిణుల వివరాలు చాలా దేశాల నుంచి ఒకచోట చేరుస్తారట. మా ఆయనకు అభ్యంతరం లేదు. అత్తగారికే టెన్షన్, "కడుపులో బిడ్డ మీద ప్రయోగాలేంటమ్మా" అంటున్నారు. ఏమేం అడుగుతారు? మందు మారుస్తారా? చేరినవాళ్లు చెప్పండి.

మిలాన్‌వాసి:
వెన్నెలా, నా రెండో కాన్పుకి నేను చేరాను. మీ అత్తగారికి ముందు ఈ ముక్క చెప్పు: వాళ్లు మందు ఇవ్వరు, మార్చరు, ఆపరు. నీ డాక్టర్ రాసిందే వాడతావు, జరిగింది వాళ్లు రాసుకుంటారు, అంతే.

మూడు నెలలకోసారి మా డాక్టర్ ఫారం నింపేవారు. ఏ మందు, ఎంత డోసు, మధ్యలో మార్చారా, ఫిట్స్ వస్తే ఎలాంటివి, ఫోలిక్ యాసిడ్ ఎప్పుడు మొదలుపెట్టావు, స్కాన్‌లో ఏం కనిపించింది. రెండు కుటుంబాల్లో పుట్టుకతో లోపాలున్నవాళ్లు ఉన్నారా అని కూడా అడిగారు. మా ఆడపడుచు కొడుక్కి గ్రహణం మొర్రి ఉండేది, ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. అదీ చెప్పాను. చెప్పకపోతే, రేపు నా బిడ్డకు అలాంటిదేదైనా వస్తే నెపం మొత్తం మాత్రల మీదికే పోతుంది కదా.

బాబు పుట్టాక ఒకసారి చూశారు, ఏడాది నిండాక మళ్లీ చూశారు. గుండె చప్పుడు విని, నోరు తెరిపించి అంగిలి చూసి, వెన్నెముక పొడుగునా వేలితో కిందదాకా తడిమారు. కొన్ని గుండె లోపాలు పుట్టగానే కనిపించవు, అందుకే ఏడాది దాకా ఆగుతామన్నారు. ఫారంలో నా పేరు లేదు, కోడ్ నంబరే ఉంది. అన్ని దేశాల లెక్కలూ చేరే కేంద్ర రిజిస్ట్రీ మా మిలాన్‌లోనే ఉంది. చేరాలనుకుంటే 16వ వారం లోపే చేరాలి, గుర్తుపెట్టుకో.

డబ్లిన్_ఫార్మసీ:
ఆ 16 వారాల షరతు చాలా ముఖ్యం. బిడ్డ ఎలా ఉందో తెలిశాక చేర్చుకుంటే, సమస్య వచ్చినవాళ్లే ఎక్కువగా ముందుకొస్తారు. లెక్క అక్కడే చెడిపోతుంది.

యూరాప్ 1999లో మొదలైంది. 2018లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాలు నేను తరచూ చూస్తుంటాను. ఒకే మందు వాడిన తల్లుల గర్భాలు 7,355, 42 దేశాల నుంచి. బిడ్డలో పెద్ద లోపాలు వాల్‌ప్రోయేట్‌తో 10.3 శాతం, ఫినోబార్బిటాల్‌తో 6.5, కార్బమజెపిన్‌తో 5.5. వెన్నెలా, నువ్వు వాడే లామోట్రిజిన్‌తో 2.9, లెవెటిరాసెటమ్‌తో 2.8. ఏ మందూ వాడని తల్లుల పిల్లల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురికి ఇలాంటివి ఉంటాయి, కాబట్టి ధైర్యంగా ఉండు. డోసు కూడా లెక్కలోకి వస్తుంది. వాల్‌ప్రోయేట్ రోజుకు 1,450 మిల్లీగ్రాములు దాటినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరి బిడ్డకు లోపం కనిపించింది.

ఒక ఆసుపత్రికి ఏడాదిలో ఇలాంటి గర్భిణులు ఎంతమంది వస్తారు? వాళ్లు మళ్లీ పది రకాల మందుల మీద ఉంటారు. నూటికి మూడుకీ పదికీ తేడా ఆ కొద్దిమందిలో తేలదు. ఎంత గొప్ప డాక్టరైనా తన ఓపీలో కూర్చుని ఈ సంగతి పట్టుకోలేడు. దేశాలు కలిస్తేనే తేలింది. 2018లోనే యూరప్ మందుల ఏజెన్సీ, గర్భం రాకుండా చూసుకునే ప్రత్యేక కార్యక్రమంలో ఉంటే తప్ప పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ ఇవ్వొద్దని నిబంధన బిగించింది.

ఎవరు చదువుతున్నా సరే, ఇది చూసి మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. పెద్ద ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. మార్చాలంటే గర్భానికి ముందే, డాక్టర్ దగ్గరే.

సందేహి:
ఇంత నమ్మకం అవసరమా అండీ? యూరాప్‌కి మందుల కంపెనీల గ్రాంట్లు ఉన్నాయి. పైగా చీటీ తీసి మందు పంచిన ట్రయల్ కాదు. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ల జబ్బే వేరు రకం కావచ్చు.

డబ్లిన్_ఫార్మసీ:
సందేహి గారూ, గ్రాంట్ల సంగతి పేపర్లోనే రాసి ఉంటుంది, దాచలేదు. రెండో మాట సబబే, మూర్ఛ రకాలు వేరు. అందుకే కుటుంబ చరిత్ర, చదువు, మూర్ఛ రకం అన్నీ నమోదు చేసి సరిచూస్తారు. గర్భిణులకు చీటీ తీసి వాల్‌ప్రోయేట్ ఇచ్చే ట్రయల్‌కి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఇంక మిగిలిన దారి ఇదే. డోసు పెరిగేకొద్దీ లోపాలు పెరగడం ఉంది చూశారా, అది జబ్బు రకం తేడా ఒక్కదానితో వచ్చేది కాదని నా ఉద్దేశం.

బవేరియా_నాన్న:
కొంచెం పక్కదారి, కానీ దేశాలు కలిస్తేనే తేలుతుందన్నదే నాదీ. మా పాపకు మందులకు లొంగని ఫిట్స్. రెండు ఎమ్మారైలు నార్మల్ అన్నారు. మా డాక్టర్ ఆ కేసును ఎపికేర్‌లో పెట్టారు. 2017లో లియాన్ కేంద్రంగా మొదలైన యూరప్ మూర్ఛ నెట్‌వర్క్ అది. మనం నేరుగా వెళ్లలేం, చూసే డాక్టరే పంపాలి. పాపను ఎక్కడికీ తీసుకెళ్లలేదు, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), ఎమ్మారై మాత్రమే వెళ్లాయి. వేరే దేశం డాక్టర్ ఒకాయన ఒక మడత దగ్గర ఆగారు. మెదడు పైపొరకీ కింది తెల్లభాగానికీ మధ్య గీత అక్కడ మసకగా ఉంది. ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా అట, అంటే మెదడు పైపొరలో ఒకచోట కణాలు పుట్టుకతోనే సరిగా అమరకపోవడం. ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్కను పరిశోధనకు ఇస్తారా అని అడిగితే సంతకం పెట్టాను.

ఎర్లాంగెన్‌లోని ఇంగ్మార్ బ్లూమ్కే బృందం ఇలాంటివే పోగుచేసి 2017లో ప్రచురించింది: 12 దేశాలు, 36 కేంద్రాలు, 25 ఏళ్లు, 9,523 మంది. అందులో ఒక అంకె నన్ను నిద్రపోనివ్వలేదు. పెద్దవాళ్లకు మొదటి ఫిట్స్‌కీ ఆపరేషన్‌కీ మధ్య సగటున 20 ఏళ్లు! చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ మధ్యలోనే కదా. రెండు మందులు సరిగా వాడినా ఫిట్స్ ఆగకపోతే, ఆపరేషన్‌కి పనికొస్తుందేమో చూడమని గట్టిగా అడగండి.

కూకట్‌పల్లి_అక్క:
ఇవన్నీ యూరప్ వాళ్లకేనా తమ్ముడూ? మా చెల్లి వాల్‌ప్రోయేట్ మీద ఉంది, వచ్చే మాఘంలో పెళ్లి. అబ్బాయి వాళ్లకు ఇంకా చెప్పలేదు.

డబ్లిన్_ఫార్మసీ:
అక్కా, పేరులో యూరప్ ఉన్నా ఇండియా కూడా అందులో ఉంది. తిరువనంతపురం శ్రీ చిత్ర వైద్య సంస్థలో 1998 నుంచే కేరళ మూర్ఛ, గర్భం రిజిస్ట్రీ నడుస్తోంది. అది యూరాప్ కంటే ముందుదే. చెల్లిని ఇప్పుడే న్యూరాలజిస్ట్‌కి చూపించండి, పెళ్లయ్యేదాకా ఆగొద్దు. మందు మార్చడానికి నెలలు పడుతుంది. లామోట్రిజిన్‌కి మారుస్తే డోసు చాలా నెమ్మదిగా పెంచాలి, లేకపోతే ఒళ్లంతా దద్దుర్లు వచ్చే ప్రమాదం ఉంది.

మిలాన్‌వాసి:
అబ్బాయికి చెప్పేయండి అక్కా. పెళ్లయ్యాక మాత్రలు దాచుకుని మింగుతూ డోసులు వదిలేసినవాళ్లను చూశాను. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లిని రద్దు చేయించుకునే వీలిచ్చే నిబంధనను 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తీసేశారు.

వెన్నెల_స్టాక్‌హోమ్:
అందరికీ థాంక్స్. అత్తగారికి మిలాన్ అక్క రాసింది చదివి వినిపించాను. "ఏడాది దాకా బిడ్డను చూస్తారా, అయితే మంచిదే" అన్నారు. వచ్చే వారం సంతకం పెడుతున్నాను. డాక్టర్‌ని ఇంకేమైనా అడగాలా?

డబ్లిన్_ఫార్మసీ:
రక్తంలో లామోట్రిజిన్ ఎంత ఉందో చూడమను. గర్భంలో ఆ మందు ఒంట్లోంచి త్వరగా బయటికి పోతుంది, అదే డోసు వేసుకున్నా స్థాయి పడిపోయి ఫిట్స్ రావచ్చు. గర్భానికి ముందు తీసిన రిపోర్టు ఉంటే పట్టుకెళ్లు, దాంతో పోల్చి డోసు పెంచుతారు. కాన్పు అవగానే మళ్లీ తగ్గించాలి, లేదంటే తల తిరుగుడు, చూపు రెండుగా కనిపించడం మొదలవుతాయి. ఎప్పుడు ఎంత తగ్గించాలో ఇప్పుడే కాగితం మీద రాయించుకో.