కాలేజీ బేస్‌బాల్ ఫొటోలు: ఫ్రేమ్‌లో బంతి దొరకట్లేదు

పాలమూరు_ఫ్రేమ్స్:
అన్నలూ, వచ్చే వారం మహబూబ్‌నగర్‌లో మా కాలేజీ బేస్‌బాల్ మ్యాచ్‌లున్నాయి. ఫొటోలు నన్నే తీయమన్నారు మా పీడీ (ఆటలు నేర్పే) సార్. నా దగ్గర కెనాన్ 200డీ, 55-250 లెన్స్ ఉన్నాయి. ప్రాక్టీస్‌లో తీస్తే బ్యాట్ ఊపడం బాగానే వస్తోంది, బంతి మాత్రం ఎక్కడా లేదు. బర్స్ట్ (బటన్ నొక్కిపట్టి వరసగా ఫొటోలు తీయడం) పెట్టినా అంతే. 70-200 లెన్స్ అద్దెకు తేవాలా?

నల్లగొండ_నికాన్:
ఆ డబ్బులు దాచుకో తమ్మీ. నీ కెమెరా తీసేది సెకనుకు 5 ఫ్రేములు. బంతి గంటకు 100 కి.మీ. వేగంతో వస్తే, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య అయిదున్నర మీటర్లు దాటిపోతుంది. పిచర్ (బంతి విసిరేవాడు) నుంచి హోమ్ ప్లేట్‌కు (బ్యాటర్ నిలబడే చోటు) ఉన్న దూరమే 18.44 మీటర్లు. దారి మొత్తానికి మూడు నాలుగు ఫ్రేములు, అందులో ఒకటి సరిగ్గా బ్యాట్ దగ్గర పడాలంటే ఎట్లా? బర్స్ట్‌ను నమ్ముకోకు. టక్‌మన్న చప్పుడు విని నొక్కితే బంతి వెళ్లిపోయినట్టే. బ్యాటర్ ముందుకాలు నేలకు ఆని నడుము తిరగడం మొదలవగానే నొక్కేయ్. షట్టర్ స్పీడు 1/2000 సెకను పెట్టు. 1/1000లో ఆ బంతి దాదాపు 3 సెం.మీ. జరుగుతుంది, సాగినట్టు కనిపిస్తుంది.

చిట్యాల_క్లిక్స్:
నిలబడే చోటు కూడా చూసుకోవాలి. కుడిచేతి బ్యాటర్ ముఖం కావాలంటే ఫస్ట్ బేస్ వైపు, అంటే హోమ్ ప్లేట్ వెనక నుంచి చూస్తే కుడి పక్క ఉండాలి. ఎడమ పక్క, థర్డ్ బేస్ వైపు నుంచి వీపు తప్ప ఏమీ రాదు. కుడిచేతి పిచర్‌కు మాత్రం థర్డ్ బేస్ వైపు మేలు, చేయి వెనక్కి లాగినప్పుడు ఛాతీ అటే తిరుగుతుంది.
నెట్ అడ్డముంటే లెన్స్‌ను దానికి ఆనించినంత దగ్గర పెట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరవండి. దారాలు మాయమైపోతాయి.

మిర్యాలగూడ_మిర్రర్‌లెస్:
పెళ్లిళ్లకు వాడే కెమెరాతో వచ్చేవాళ్లు సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్) ఆపేయండి. చాలా కెమెరాల్లో బ్యాట్ అరటిపండులా వంగి వస్తుంది. పెళ్లికొడుకు అంత స్పీడుగా కదలడు కాబట్టి అక్కడ తెలియదు.

జడ్చర్ల_లెన్స్:
మన ఎర్రమట్టి గ్రౌండ్లలో స్లైడ్ (రన్నర్ నేల మీద జారుతూ బేస్ అందుకోవడం) వదులుకోవద్దు. సెకండ్ బేస్ మీద ముందే ఫోకస్ పెట్టుకుని, నేల మీద కూర్చుని తీయండి. బూటు కింద నుంచి మట్టి లేస్తుంది, ఆ దుమ్ములోంచి ఫీల్డర్ గ్లవ్ కిందికి దిగుతుంది. నాకైతే బంతి తగిలే ఫ్రేమ్ కంటే ఇదే ఇష్టం. అక్కడ లెన్స్ మాత్రం మార్చకండి, సెన్సార్ మీద మట్టి చేరితే తుడిపించే ఖర్చు మీదే.
మధ్యాహ్నం ఎండకు అపర్చర్ ఎఫ్5.6 సరిపోతుంది, ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 400 దాటదు. హెల్మెట్ నీడలో ముఖం నల్లబడుతుంది, ఎక్స్‌పోజర్ కాస్త పెంచుకోండి. సాయంత్రం అయిదు దాటి వెలుతురు తగ్గాకే అసలు టెన్షన్.

పాలమూరు_ఫ్రేమ్స్:
అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కూ ఇదే లెక్కా అన్నా?

నల్లగొండ_నికాన్:
కాదు. అక్కడ పిచింగ్ దూరం 13.11 మీటర్లే, చేయి గిర్రున తిప్పి కింది నుంచి వేస్తారు. ఇంకా ముందే నొక్కాలి. ఇన్‌స్టాలో పెట్టే ముందు ఆ అమ్మాయిలనూ పీడీ మేడమ్‌నూ అడుగు.

పాలమూరు_ఫ్రేమ్స్:
సరే అన్నా. మా టీమ్‌లో ఒక ఎడమచేతి బ్యాటర్ ఉన్నాడు, వాడి వంతు వస్తే థర్డ్ బేస్ వైపు మారాలా?

చిట్యాల_క్లిక్స్:
మారు, కానీ గ్రౌండ్‌కు అడ్డంగా ఉరకకు. నెట్ వెనక నుంచి చుట్టు తిరిగి పో. కుడి కన్ను కెమెరాలో ఉన్నా రెండో కన్ను తెరిచే ఉంచు, ఫౌల్ బాల్ (బ్యాట్‌కు తగిలి గీత బయటకు పోయే బంతి) చెప్పి రాదు.