రోజూ తిరుపతి–చిత్తూరు తిరిగే కారు, మైలేజ్ 17.5 నుంచి 14కి పడింది, పెట్రోల్ ఎక్కడ పోతోంది?

తిరుచానూరు_చందు:

అందరికీ నమస్తే. నాది 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 ఇంజన్, మాన్యువల్ గేర్. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే మొదటి పది రిప్లైలూ ఆ బండి మంచిదా చెత్తదా అన్న గొడవతోనే అయిపోతాయి. 82 వేలు తిరిగింది. ఇల్లు తిరుచానూరు, ఉద్యోగం చిత్తూరు, వారానికి నాలుగు రోజులు వెళ్లి రావాలి, పోను రాను 140. అంటే నెలకి 2,240 కిలోమీటర్లు.

పోయినేడాది దాకా లీటరుకి 17.5 ఎప్పుడూ తగ్గలేదు. ఇప్పుడు 14. అప్పుడు నెలకి 128 లీటర్లు సరిపోయేది, ఇప్పుడు 160 పోస్తున్నాను, లీటరు 110 లెక్కన మూడున్నర వేలు అదనం. ఆ డబ్బుతో పాప స్కూల్ వ్యాన్ ఫీజు అయిపోతుందని ఇంట్లో రోజూ వింటున్నాను.

ఇప్పటిదాకా చేసింది ఏంటంటే, సర్వీస్‌కి ఇస్తే ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్చి, ఇంజన్ క్లీనింగ్ అని ఏదో లిక్విడ్ పోసి 6,800 బిల్లు చేతిలో పెట్టారు. తేడా సున్నా. ఆఫీసులో ఒకాయన పెట్రోల్ పైపుకి అయస్కాంతం కట్టమంటాడు, ఇంకొకాయన తమిళనాడు బోర్డర్ దాటి పెట్రోల్ పోయించుకో, అక్కడ చవక అంటాడు. సీఎన్‌జీ కిట్ పెట్టించేయనా అని కూడా ఆలోచిస్తున్నా. ఏం చెయ్యమంటారు?

గ్రీమ్స్‌పేట_లెక్కలు:

చందూ గారూ, ముందు ఆ 14 అన్న నంబర్ ఎలా వచ్చిందో చెప్పండి. మీటర్లో కనిపించేది అయితే దాన్ని పక్కన పెట్టేయండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ దానంతటదే టక్కుమని ఆగేదాకా ఫుల్ చేయించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఓ నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే ఫుల్ చేయించి లెక్క వెయ్యాలి. నాజిల్ ఆగాక "ఇంకో యాభై రూపాయలది రౌండ్ చేయనా సార్" అంటాడు చూడండి, అక్కడ ఊ అన్నారో మొత్తం లెక్క పోయింది. బంకు కొలత మీదే అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగండి, ప్రతి బంకులో ఉంచాలి, అడిగితే చూపించాలి.

తమిళనాడు సంగతి. మన దగ్గర ఎందుకు ఎక్కువంటే పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకి 4 రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే అటు లీటరుకి ఎనిమిది దాకా తక్కువ. కానీ చిత్తూరు నుంచి వేలూరు రోడ్డులో బోర్డర్ దాటి మొదటి బంకు దాకా పోను రాను 35 కిలోమీటర్లు అనుకోండి. 30 లీటర్లు పోయిస్తే మిగిలేది 240. ఆ 35 కిలోమీటర్లకి మీ బండి తాగేది రెండున్నర లీటర్లు, అంటే 270. చేతి నుంచి 30 రూపాయలు పెట్టుకుని, గంట సమయం పోగొట్టుకుని, చవకగా పోయించుకున్నామని సంతోషపడాలి. ఎటూ సీఎంసీ ఆస్పత్రికో, బంధువుల ఇంటికో వేలూరు వెళ్లే పని ఉంటే మాత్రం వచ్చేటప్పుడు ఫుల్ చేయించుకుని రండి, అందులో తప్పులేదు. పలమనేరు వాళ్లు నంగిలి దాకా వెళ్లి కర్ణాటక పెట్రోల్ పోయించుకునేదీ ఇదే లెక్క.

ఇంకొకటి, ఈ20. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికంటే మూడో వంతు తక్కువ. మీలాంటి పాత కార్లకి 6–7 శాతం మైలేజ్ తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ రిపోర్టులోనే రాశారు. కానీ 17.5 నుంచి 14 అంటే 20 శాతం. ఇథనాల్ ఖాతాలో ఏడు వేసినా మిగతా పదమూడు ఎవరు తింటున్నట్టు? అందరూ ఈ20ని తిట్టి ఊరుకుంటున్నారు, మీరు అక్కడ ఆగొద్దు.

పుత్తూరు_పిల్లోడు:

బ్రో సింపుల్. దిగుడు ఎక్కడొచ్చినా న్యూట్రల్‌లో వదిలెయ్. కొండ దిగేటప్పుడు అయితే ఇంజన్ ఆఫ్ చేసినా పర్లేదు, మా మామ అలిపిరి దాకా చుక్క పెట్రోల్ లేకుండా దించేస్తాడు 😎

కొండ_ట్యాక్సీ:

పుత్తూరు తమ్ముడూ, మీ మామకి చెప్పు, ఆయన వెనకాల దిగేవాళ్లలో నేనూ ఉంటాను, నా బండిలో పిల్లలు ముసలివాళ్లు ఉంటారు అని. పదకొండేళ్లుగా తిరుమలకి బండి నడుపుతున్నా. ఇంజన్ ఆపితే బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా తయారవుతుంది, పవర్ స్టీరింగ్ కూడా పోతుంది. ఆ మలుపుల్లో అది చాలు. న్యూట్రల్ కూడా అంతే, బరువంతా బ్రేకుల మీదే. సాయంత్రం దిగుతుంటే ఏదో ఒక మలుపు దగ్గర గుప్పుమని కాలిన వాసన వస్తుంది, పక్కన ఒక కారు ఆపుకుని చక్రాల మీద బాటిల్ నీళ్లు పోస్తుంటారు. బయటి ఊరి నంబర్ ప్లేటే ఉంటుందని అనుకోవద్దు, మనవాళ్లూ ఉంటారు.

పైగా పెట్రోల్ మిగులుతుంది అనేదే తప్పు. కార్బ్యురేటర్ రోజుల మాట అది. ఇప్పటి బళ్లన్నీ ఇంజెక్షన్ కదా, గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆరిపోకుండా ఐడిలింగ్‌కి పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. నమ్మకపోతే ఆ నిమిషం మైలేజ్ చూపించే డిస్‌ప్లే ఉన్న బండిలో చూడు, రెండో గేర్‌లో దిగుతుంటే అంకె పైకిపోయి చివర్లో అతుక్కుంటుంది. కొండ దిగడానికి 40 నిమిషాలు పట్టాలని టీటీడీ రూలు, ఎక్కడానికి 28. ఆ నలభై నిమిషాలూ రెండు, మూడు గేర్లలో హాయిగా వచ్చెయ్యొచ్చు, బ్రేకు మీద కాలు పెట్టేది మలుపులకే.

చందూ అన్నా, నీకు రెండు ప్రశ్నలు. బైపాస్ మీద ఎంతలో పోతావు? పైన క్యారియర్ ఏమన్నా ఉందా?

తిరుచానూరు_చందు:

లెక్కలు గారూ, మీరు చెప్పినట్టే ట్యాంక్ టు ట్యాంక్ చూశాను, మూడుసార్లు. 14.1, 13.8, 14.2. (మొదటిసారి యాభై రూపాయలు రౌండ్ చేయించాను, నిజమే 😀)

కొండ అన్నా, దొరికిపోయాను. చెల్లెలి పెళ్లప్పుడు సామాన్ల కోసం క్యారియర్ బిగించాం, విప్పలేదు. పెళ్లయి ఏడాది దాటింది. స్పీడ్ అంటే, పూతలపట్టు రోడ్డు సిక్స్ లేన్ అయ్యాక 105, 110లో పోతున్నా. పాత రోడ్డులో అంత స్పీడ్ ఎక్కడ వెళ్లనిచ్చేవాళ్లు, పాకాల క్రాస్ దాటేసరికే లారీల వెనక పడి ప్రాణం పోయేది.

కొండ_ట్యాక్సీ:

అదీ సంగతి. రోడ్డు బాగుపడితే మైలేజ్ పడిపోతుంది, మా స్టాండులో అందరికీ తెలిసిందే. 80లో పోయేటప్పుడు గాలి ఎంత అడ్డుపడుతుందో 110లో దానికి దాదాపు రెట్టింపు, పైన క్యారియర్ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. రెంచీ పట్టుకుని ఈరోజే విప్పెయ్. 85 దగ్గర పట్టి పో, తిరుపతి దాటాక అరవై కిలోమీటర్లకి నీకు పోయేది తొమ్మిది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఎలాగూ పోగొట్టుకుంటావు.

రేణిగుంట_షెడ్డు:

నేను మెకానిక్‌ని, అందరూ చెప్పింది కరెక్టే గానీ ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. సార్, మైలేజ్ మెల్లమెల్లగా పడిందా, ఒక్కసారిగా పడిందా? మెల్లగా అయితే స్పీడూ, టైర్లూ, ఈ20. ఒక్కసారిగా అయితే బండిలో ఏదో పట్టుకుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చి మైలేజ్ రాలేదని బాధపడొద్దు, ఇంజెక్షన్ బండికి ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గుతుంది గానీ మైలేజ్ పెద్దగా కదలదు, గాలి ఎంత వస్తే అంతకి తగ్గట్టే కంప్యూటర్ పెట్రోల్ ఇస్తుంది. అయస్కాంతం సంగతి నన్ను అడగొద్దు, నవ్వొస్తుంది.

ఒక పని చెయ్యండి. ఇరవై ముప్పై కిలోమీటర్లు హైవేలో వచ్చి, చివర్లో బ్రేకు ఎక్కువ వాడకుండా మెల్లగా పక్కకి ఆపండి. దిగి నాలుగు చక్రాల దగ్గరా, రిమ్ముకి ఆనించకుండా, అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టుకుని ఉంది. తర్వాత సమతలంగా ఉన్న చోట న్యూట్రల్ పెట్టి ఒక్కరే తోసి చూడండి, చిన్న కారు ఒక మనిషి తోస్తే కదలాలి.

టెంపరేచర్ కూడా గమనించండి. అరగంట నడిపినా ఇంజన్ సరిగ్గా వేడెక్కకపోతే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపి ఉంచే వాల్వు) తెరుచుకునే ఉండిపోయింది అని, అప్పుడు ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. టైర్లలో గాలి పొద్దున బండి తియ్యకముందు చూడాలి. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంతో రాసి ఉంటుంది. పంక్చర్ షాపు మీటర్‌ని నమ్మకండి, సొంతంగా గేజ్ ఒకటి కొనుక్కోండి.

మదనపల్లె_సీఎన్‌జీ:

నేను కిట్ పెట్టించి నాలుగేళ్లు. ఖర్చు తగ్గింది, అబద్ధం చెప్పను. కానీ డిక్కీ పోయింది, ఆర్సీలో ఎక్కించుకోవాలి, మూడేళ్లకోసారి సిలిండర్ టెస్టింగ్ చేయించాలి, భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు బండి కాస్త నీరసపడుతుంది. 82 వేలు తిరిగిన బండికి, అదీ ఏదో జబ్బుతో ఉన్నదానికి, ముందు జబ్బు ఏంటో తేల్చుకోకుండా కిట్ పెట్టించకండి. పట్టేసిన బ్రేకు గ్యాస్‌ని కూడా తింటుంది.

తిరుచానూరు_చందు:

మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ, లెక్కలు తేలాక రాద్దామని ఆగాను.

షెడ్డు అన్నా, నీకు బిర్యానీ బాకీ. నువ్వు చెప్పినట్టే చంద్రగిరి దాటాక ఒక చింతచెట్టు కింద ఆపి ఒక్కో చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూశా, ముందు రెండూ, వెనక కుడిదీ మామూలుగా ఉన్నాయి. వెనక ఎడమదాని దగ్గర ఇస్త్రీ పెట్టె దగ్గర పెట్టినట్టు సెగ. తోసి చూస్తే బండి కదిలింది గానీ వదిలిన చోటే ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, మైలేజ్ పడింది ఒక్కసారిగానే, పోయినేడాది సర్వీస్‌లో "హ్యాండ్‌బ్రేక్ లూజుగా ఉంది, బిగించాం" అన్నారు, ఆ తర్వాతి నెల నుంచే. మా వీధి మెకానిక్ ఆ చక్రం బ్రేకు డ్రమ్ము విప్పితే, లోపల దానికి ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూ అద్దంలా మెరిసిపోతోంది, ఒక అంచున నల్లగా కాలింది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఎంత బిగించారంటే లివర్ కింద పెట్టినా షూ పూర్తిగా వెనక్కి రావట్లేదు. షూలు మార్చి, కేబుల్ వదులు చేసి, మొత్తం 1,900 తీసుకున్నాడు. ఏడాదిగా ఆ ఒక్క చక్రానికి పెట్రోల్ పోసి బ్రేకు అరగదీసుకున్నా అన్నమాట, కోపం కంటే ముందు సిగ్గేసింది.

క్యారియర్ విప్పేశా. టైర్లలో గాలి పంక్చర్ షాపులో 33 అన్నాడు, ఇంటికొచ్చి నా గేజ్‌తో చూస్తే మూడింట్లో 27, ఒకదాంట్లో 25. స్పీడ్ 85–90, మొదటి రెండు రోజులు ఆటోవాడు కూడా దాటిపోతున్నట్టు అనిపించింది, తర్వాత అలవాటైపోయింది.

రెండు ట్యాంకుల లెక్క: 16.2, 16.5. అంటే నెలకి 137 లీటర్లు, పాత ఖర్చు మీద రెండున్నర వేలు మిగిలినట్టు. లెక్కలు గారూ, 17.5 ఇంక రాదనుకుంటా, మిగిలిన తేడా మీరన్న ఆ ఏడు శాతమే కదా?

గ్రీమ్స్‌పేట_లెక్కలు:

దాదాపు అంతే. 17.5లో ఏడు శాతం తీస్తే 16.3, మీ రెండు ట్యాంకుల సగటు దగ్గరే ఉంది. అయితే ఒక్క మాట, మీరు నాలుగు పనులూ ఒకే వారంలో చేసేశారు, అందుకని బ్రేకు ఎంత ఇచ్చింది, స్పీడ్ ఎంత ఇచ్చింది అన్నది ఇప్పుడు విడదీయలేం. ఒక ట్యాంకు 110లో నడిపి చూస్తే తెలుస్తుంది.

తిరుచానూరు_చందు:

ఆ ప్రయోగం మీ ఖర్చుతో అయితే రెడీ సార్ 😀

రేణిగుంట_షెడ్డు:

బిర్యానీ రేణిగుంట వచ్చినప్పుడు చూద్దాం. కొత్త షూలు కదా, ఒక ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే చెయ్యి పెట్టి చూడు. హ్యాండ్‌బ్రేక్ లాగితే ఐదారు టక్కులకి పట్టాలి. రెండు టక్కులకే గట్టిగా పట్టిందంటే మళ్లీ కేబుల్ బిగుసుకుందని, అప్పుడు ఎవడు బిగిస్తానన్నా ఒప్పుకోకు.