వరద నీళ్ళు అటు మళ్ళిస్తే మొగకి ఏమవుద్ది?

మొగకాడ కుర్రోడు:
మాది భైరవపాలెం వైపండి. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే చోటుంది కదా, ఆ మొగలో వేట. పోలవరం-బనకచర్ల అని 200 టీఎంసీల గోదావరి వరద నీళ్ళు రాయలసీమకి పట్టుకెళ్తారంట. టీవీలో "సముద్రంలో వృథాగా కలిసేవే కదా" అంటన్నారు. మొగకి, మడ అడవికి, చేపకి ఏం కాదా? కృష్ణ కింద వాళ్ళు ముందే చూసుంటారు, చెప్పండి.

దివిసీమ రైతు:
చూడకేం! 2023లో ప్రకాశం బ్యారేజీ దాటి మాకొచ్చిన నీళ్ళు ఏపాటి? పోటు పోటుకీ ఉప్పు పైకి ఎగదన్నింది. బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం, ఊడ్చిన మడి కొసలు మాడిపోయింది. మరుసటేడు సెప్టెంబరులో ఒక్కసారే 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. ఒక ఏడు దాహం, ఒక ఏడు మునక.

రొయ్యల బాబాయ్:
వరదొస్తే మాకు గండం. ఏట్లో ఉప్పు సున్నాకి పడిపోద్ది, నెల రోజులు చెరువులోకి మోటారు వేయలేం. పట్టుకుపోతే పోనీండి, నాకైతే హాయి.

దివిసీమ రైతు:
మీ చెరువు ఊట వల్లే కదా మా చేను చౌడు తేలింది. హాయంట!

రిటైర్డ్ ఏఈ:
34 ఏళ్ళు కాలువల మీద చేశాను, లెక్క నా దగ్గర వినండి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి. అంటే రోజుకి 86 టీఎంసీలు. మీ 200 టీఎంసీలు రెండున్నర రోజుల్లోపు వరదే. మొగకి తెలియను కూడా తెలియదు.

యానాం చేపలోడు:
సారూ, తోడేది ఆ రెండున్నర రోజుల్లోనేనా? గోదావరి నీళ్ళు కృష్ణకి తోడే పట్టిసీమలో 24 పంపులూ తిరిగితే 8,500 క్యూసెక్కులు. నిండు వరదలో అది చుక్క. జూలైలో తొలి ఎర్రనీరు సన్నగా దిగే రోజుల్లో మాత్రం చుక్క కాదు. సముద్రంలో విలస, ఏరెక్కితే అదే పులస. అది సముద్రం వదిలి ఏటికి ఎదురెక్కేది ఆ ఎర్రనీటికే.

అమలాపురం అల్లుడు:
యానాంలో పులసా! సగం ఒడిశా నుంచి ఐసు పెట్టెల్లో దిగిందే. నాకు రెండుసార్లు అంటగట్టారు.

యానాం చేపలోడు:
విలసకీ పులసకీ తేడా తెలీనోళ్ళకే అంటగడతారు. పుస్తెలమ్మి పులస తినమన్నారు గానీ కళ్ళు మూసుకుని కొనమన్లేదు.

అమలాపురం అల్లుడు:
మాటలు జాగ్రత్త. మా అత్తగారు బెండకాయ వేసి పెట్టిన పులుసు తిన్న నోరిది, తేడా నాకు తెలుసు.

రిటైర్డ్ ఏఈ:
ఇక్కడ విషయం టీఎంసీలు, పులుసు కాదు.

ఉప్పాడ:
టీఎంసీలు కూడా కాదు సార్, మట్టి. మా తాత ఇల్లున్న చోట ఇప్పుడు అల ఆడుతోంది. కారణం ఒక్కటే అనను, ఓడరేవు గోడలని ఒకరు, హోప్ ఐలాండని ఒకరు చెబుతారు. కానీ ఒండ్రు ఆనకట్టల వెనకే ఆగిపోతే తీరానికి మెరక ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ 34 ఏళ్ళలో బురదకి లెక్క రాశారా?

రిటైర్డ్ ఏఈ:
అది నా డిపార్ట్‌మెంటు కాదు.

ఉప్పాడ:
అదే నేను చెప్పేది.

కొల్లేటి గట్టు:
విజయవాడ పక్క బుడమేరు వాగుని కృష్ణలోకి తిప్పారు కదా, కృష్ణ నిండుగా ఉంటే అది దిగదు. 2024లో విజయవాడ ఏమైందో అందరూ చూశారు. కొల్లేటి నీళ్ళు సముద్రానికి మోసే ఉప్పుటేరు సంగతి ఎవరైనా మాట్లాడతారా?

సీమ బిడ్డ:
మూడు పంటలేసే వాళ్ళు చేపకి ఏడుస్తున్నారు. మా ఊళ్ళో బోరు వెయ్యి అడుగులు దింపినా తడి లేదు. ఏటా సముద్రంలో కలిసేదాంట్లో దోసెడు అడిగితే ఇంత రచ్చా?

దివిసీమ రైతు:
నీళ్ళు వద్దని ఎవరన్నారు తమ్ముడూ? "వృథా" అనే మాటే మంట. ఉప్పుని వెనక్కి నెట్టేది ఆ వృథానే.

అమలాపురం అల్లుడు:
2025 జూన్‌లో కేంద్రం నిపుణుల కమిటీ ఆ ప్రతిపాదన తిప్పి పంపింది. ముందు పేపరు చదవండి, తర్వాత కొట్టుకోండి.

మొగకాడ కుర్రోడు:
మడ గురించి ఎవరూ అన్లేదు. కోరింగ మడలో ఏరునీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసే చోటే మండపీత, రొయ్య పిల్ల. ఇంకోటండి. మొగలో ఇసక మేటని కడిగేది వరద తోపుడే. నాన్న కళ్ళు మూసుకుని బోటు తీసిన దారిలో మొన్న నాకు మేట తగిలి ఇంజను ఫ్యాను విరిగింది.

రిటైర్డ్ ఏఈ:
పాటు మీద వెళ్ళుంటావు. పోటు చూసుకోవాలి.

మొగకాడ కుర్రోడు:
పోటు మీదే వెళ్ళానండి, ఆయ్.

రొయ్యల బాబాయ్:
ఫ్యాను కాకినాడలో మార్పించావా? ఎంతయింది? మాదీ పోయింది.