మ్యూజియంలో పిల్లల ఫోన్లు బ్యాగులోనే ఉండాలా? (ఆర్ట్ ప్రాజెక్టుల కోసం వెళ్ళేవాళ్ళు చెప్పండి)

చిత్తుపుస్తకం:
పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు 30 మందిని ఆర్ట్ ప్రాజెక్టు కోసం మ్యూజియంకి తీసుకెళ్ళాలి. లోపల ఉండేది రెండు గంటలు. ఒక్కొక్కరూ ఒక వస్తువు ఎంచుకుని, దాని ఆధారంగా ఆరు వారాల్లో సొంత పని ఒకటి తయారుచెయ్యాలి. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఎప్పుడూ వచ్చే తంటా ఒకటే. పిల్లలు ఫోను నిండా ఫొటోలతో తిరిగొస్తారు, ఒకటి ప్రింటు తీస్తారు, గళ్ళు గీసి ఉన్నదున్నట్టు దించేస్తారు. అందుకని ఈసారి ఫోన్లు బ్యాగుల్లోనే, చేతిలో పెన్సిలూ పుస్తకమూ మాత్రమే అనుకుంటున్నాను. ఒప్పుకునేవాళ్ళూ కాదనేవాళ్ళూ కారణాలు చెప్పండి.

బొగ్గుముక్క:
బ్యాగులోనే. రెండో మాట లేదు. ఫొటో తీసేవాళ్ళు వస్తువు ముందు పది సెకన్లు నిలబడతారు. గీసేవాళ్ళు కూర్చోక తప్పదు, కూర్చున్నాక చూడక తప్పదు.

రెండు గంటలూ ఇలా వాడండి. మొదటి 20 నిమిషాలు పుస్తకం తెరవకుండా గ్యాలరీ అంతా ఒక చుట్టు. అప్పుడే లేబుళ్ళు చదవనివ్వకండి. చదివితే ఏది పాతదో ఏది పేరున్నదో చూసుకుని ఎంచుకుంటారు, కన్ను ఆగిన చోట ఆగరు. తర్వాత నచ్చిన మూడు వస్తువుల దగ్గర ఐదేసి నిమిషాలు, ఒక్కోదానికి అగ్గిపెట్టెంత బొమ్మలు రెండు. ఒకటి తేల్చుకున్నాక దాని ముందు ముప్పావుగంట. అందులో నిమిషం బొమ్మలు ఐదు, కాగితం వైపు చూడకుండా గీసేది ఒకటి, వస్తువు చుట్టూ ఉన్న ఖాళీని మాత్రమే గీసేది ఒకటి, చోటు మారి పక్కనుంచి ఒకటి, చివర 20 నిమిషాల పెద్ద బొమ్మ. మిగిలిన సమయం మాటల్లో రాసుకోవడానికి: ఏ పదార్థం, అతుకు ఎక్కడుంది, ఎక్కడ అరిగింది, ఎత్తితే ఎంత బరువుండొచ్చు. లేబుల్ చదివి రాసుకునేది అప్పుడే.

చెడేది రెండు చోట్ల. బయటి అంచు గీసేసి "అయిపోయింది సార్" అంటారు. ఖాళీని గీయమనేది అందుకే, అప్పుడు అంచు దానంతటదే సరిపడుతుంది. రెండోది, షోకేసుకి ఆనుకున్నంత దగ్గర కూర్చుంటారు. కుండ మూతి వెడల్పైపోయి అడుగు చిక్కిపోతుంది. వస్తువు ఎత్తుకి కనీసం మూడు రెట్ల దూరం ఉండాలి.

గాజువెనక:
బొగ్గుముక్క గారూ, మీ ప్రణాళిక బావుంది, దాన్ని కాదనను. కానీ దగ్గర కూర్చుంటే కొలతలు చెడతాయని మీరే అన్నారు. ఫోనుతో జరిగేదీ అదే. దగ్గర నిలబడి వెడల్పు కటకంతో తీస్తారు, కుండ వంకరపోతుంది. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేస్తే ఆ వంకర చాలావరకు పోతుంది. పెన్సిల్ పట్టడం నెలల తరబడి నేర్పి, ఫొటో తీయడం ఐదు నిమిషాలైనా నేర్పకుండా "ఫొటోలు పనికిరావు" అంటే ఎలా?

ఒక్కో వస్తువుకి తీయాల్సినవి ఇవి: ముందునుంచి పూర్తిగా, ఏటవాలుగా, వెనక (షోకేసు చుట్టూ తిరగగలిగితే), నేల మట్టం నుంచి ఒకటి, పనిముట్టు గుర్తులు దగ్గరగా, అతుకు దగ్గరగా, లేబుల్. అద్దంలో మెరుపు వస్తే ఫోనుని కొంచెం పక్కకి వాల్చాలి, వెనకాల ముదురు రంగు చొక్కా ఉన్నవాళ్ళని నిలబెట్టాలి. చాలామంది మర్చిపోయేది లేబులే. అది లేకపోతే ఆరు వారాల తర్వాత అది కంచో రాగో చెప్పలేరు, కొలతలూ తెలియవు.

ఇక ప్రేరణ మాట. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో వేసిన పోప్ ఇన్నొసెంట్ చిత్రం మీద ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ వరసగా బొమ్మలు వేశాడు. పనిచేసింది పుస్తకాల్లో అచ్చయిన ఫొటోలు చూసి. ఆ చిత్రం ఉన్న రోమ్ వెళ్ళి కూడా అసలుది చూడలేదు. చిత్రకారుడు వాన్ గో 1889-90లో ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీలో, తనకంటే ముందుతరం ఫ్రెంచి చిత్రకారుడు మిలే బొమ్మల్ని రంగుల్లోకి తెచ్చింది నలుపు తెలుపు ప్రింట్లు చూసి. వాళ్ళకి ఫొటోలూ ప్రింట్లూ సరిపోయాయి కదా.

మ్యూజియంమూల:
లోపల పనిచేసేవాళ్ళ వైపునుంచి కొన్ని మాటలు. పెన్సిల్ అంటే పొడి పెన్సిల్ ఒక్కటే అనుకుని రండి. బొగ్గు, పాస్టెల్ పొడి రాలుతుంది. ఇంకు, బాల్‌పెన్ గీత వస్తువు మీద పడితే తుడవలేం. షార్పనర్ వాడనివ్వరు, చెక్కుతుక్కు నేల మీద పడుతుంది. ఒక్కొక్కరికి ముందే చెక్కిన పెన్సిళ్ళు మూడు (హెచ్‌బీ, 2బీ, 4బీ), ముక్కలు రాలని మెత్తటి రబ్బరు, గట్టి అట్ట ఉన్న ఏ5 పుస్తకం చాలు. పెద్ద అట్టలు తెస్తే దారి మూసుకుపోతుంది. షోకేసు మీద పుస్తకం ఆనించకూడదు. బ్యాగులు వీపుకి కాదు, ముందుకి వేసుకోవాలి.

30 మందీ ఒకే గదిలోకి రావద్దు. పదేసి మంది మూడు గదుల్లో, ఒక్కో గదిలో ఒక్కో పెద్దవాళ్ళు ఉండాలి. మడతకుర్చీలు ఇస్తారో లేదో ముందే అడగండి.

వెలుతురు గురించి ఎవరూ అనుకోరు. కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మలు ఉన్న గదుల్లో సాధారణంగా వెలుతురుని 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, రంగులు వెలిసిపోతాయని. బయటి ఎండలోంచి వచ్చిన కంటికి అక్కడ నిజంగా కనపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ వెలుతురులో రంగులు ముదురుగా, మందంగా కనిపిస్తాయి, పిల్లలు రాసుకున్న రంగులు తప్పుతాయి. ఫోను కూడా తనకి తోచినట్టు రంగు సర్దేస్తుంది, అదీ నమ్మకూడదు. రాతికీ లోహానికీ ఆ హద్దు లేదు, వాటి మీద నేరుగా దీపం వేస్తారు. వెలుగునీడలు గీయాలనుకునేవాళ్ళని అటు పంపండి.

మూడోబెంచి:
రెండు గంటల్లో ఇన్ని పనులా? పిల్లలకి నీళ్ళు తాగే టైమైనా ఉంటుందా?

బొగ్గుముక్క:
గాజువెనక గారూ, వాన్ గో 1880లో బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడే మిలే ప్రింట్లు చూసి గీశాడు. పదేళ్ళు చెయ్యి అరిగాక సెయింట్ రెమీకి వచ్చాడు. ఆ పదేళ్ళు పక్కనపెట్టి ఉదాహరణ చెప్పకండి.

ఇంకో సంగతి. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన పరిశోధన ఉంది. విద్యార్థుల్ని మ్యూజియంలో తిప్పి, కొన్నిటిని చూడమన్నారు, కొన్నిటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు అడిగితే ఫొటో తీసినవి తక్కువ గుర్తున్నాయి. ఇక వాదనేముంది?

గాజువెనక:
అదే పరిశోధనలో రెండో భాగం ఎందుకు వదిలేశారు? వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్ళకి ఆ మరపు లేదు, జూమ్ చెయ్యని భాగాలు కూడా గుర్తున్నాయి. నేను పైన చెప్పింది సరిగ్గా అదే: అతుకు దగ్గరగా, గుర్తులు దగ్గరగా.

బొగ్గుముక్క:
జూమ్ చేసి తీయమని పక్కన నిలబడి చెప్పేదెవరు? 30 మంది, ముగ్గురు పెద్దవాళ్ళు. చెప్పకపోతే వాళ్ళు తీసేది మొదటి రకం ఫొటోలే.

గాజువెనక:
మీరు చెప్పిన ఖాళీగీతలు మాత్రం ఎవరూ పక్కన లేకుండా గీస్తారా? చెప్పి చేయించాల్సిందే అయితే రెండూ చెప్పి చేయించేవే. పైగా ఆ పరిశోధన కొలిచింది మర్నాటి జ్ఞాపకాన్ని. ఆరు వారాల ప్రాజెక్టుని ఎవరూ కొలవలేదు.

మూడోబెంచి:
జూమ్ దగ్గరే ఆగిపోయారు. తయారైన ప్రాజెక్టు ఎలా ఉండాలో ఎవరైనా చెప్తారా?

ఎర్రమట్టి:
మా అమ్మాయికి చెయ్యి వణుకుతుంది. పెన్సిల్ తప్ప ఇంకేదీ వద్దన్న రూలు పెట్టిన బడిలో స్కెచ్‌బుక్‌కి దాదాపు సున్నా వేశారు. తర్వాత మట్టితో చేసిన పని తరగతిలో అందరికంటే బావుంది, దాన్ని తిప్పి చూసినవాళ్ళు కూడా లేరు. "రెండో మాట లేదు" అనేముందు ఇలాంటి పిల్లల గురించి ఆలోచించండి.

బొగ్గుముక్క:
అమ్మాయి విషయంలో అన్యాయం జరిగింది, ఒప్పుకుంటాను. కానీ అది పెన్సిల్ తప్పు కాదండీ, మార్కులు వేసినవాళ్ళ తప్పు. వణికే గీత కూడా చూసిన గీతే.

గాజువెనక:
అలా విడదీయలేరు మాస్టారూ. రూలు పెట్టేదే మార్కుల కోసం. చిత్తుపుస్తకం గారి మొదటి పోస్టు మళ్ళీ చదవండి. పిల్లలు చూడటంలేదని ఆయన బాధపడలేదు, దించేస్తున్నారని బాధపడ్డారు. స్కెచ్‌బుక్ ఆయనకి కావలసింది సాక్ష్యంగా. పిల్లవాడు అక్కడ కూర్చున్నాడని చూపించే హాజరుపట్టీగా. ప్రేరణ అని పేరు పెట్టి కాపలా కాస్తున్నారు.

చిత్తుపుస్తకం:
మాట మీరిపోతున్నారు. 30 మందికి మార్కులు వెయ్యాల్సింది నేను. ఎవరి పని ఎక్కడినుంచి వచ్చిందో చూపించమని అడుగుతారు, నేను చూపించాలి. నెట్‌లో దొరికిన బొమ్మకీ మ్యూజియంలో చూసిన వస్తువుకీ తేడా ఫొటోలో తెలియదు, గీసిన పేజీలో తెలుస్తుంది. సాక్ష్యం అడగడం కాపలా ఎలా అవుతుంది?

బొగ్గుముక్క:
నేను గీయమన్నది సాక్ష్యానికి కాదు, ఆ మాట స్పష్టంగా చెప్తున్నాను. స్కెచ్‌బుక్‌కి మార్కులే వద్దంటాను. మార్కులుంటే పిల్లలు ఇంటికెళ్ళి నిమిషం బొమ్మల్ని అందంగా తిరగరాస్తారు, అక్కడితో వాటి విలువ పోతుంది. గీయడం కన్ను కోసం.

చిత్తుపుస్తకం:
మార్కులు లేని పని సగంమంది చెయ్యరు.

ఎర్రమట్టి:
ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. ఒకరికి కన్ను తయారవాలి, ఒకరికి రుజువు కావాలి, ఒకరికి ముడిసరుకు కావాలి. ఫోను ఉన్నా లేకపోయినా ఈ మూడూ ఒకటి కావు. పైగా అందరూ మ్యూజియం తలుపు దగ్గరే ఆగిపోయారు. పిల్లలు దించేది ఫొటో ఉండబట్టి కాదు, తిరిగొచ్చాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పకపోబట్టి. స్కెచ్ నుంచి కూడా దించుతారు, దాన్నే పెద్దది చేస్తారు, రంగులు వేస్తారు.

వస్తువు నుంచి వస్తువుని తీసుకోకూడదు, దాన్ని చేసినవాళ్ళ నిర్ణయం ఒకటి తీసుకోవాలి. పిడిని ఎలా అతికారు, బరువుని ఎక్కడ ఆపారు, ఎక్కడ బోలుగా వదిలారు, ఒకే ఆకారాన్ని ఎంత ఎడం ఇచ్చి మళ్ళీ వేశారు. పిల్లలచేత ఒక్క వాక్యం రాయించండి: "నేను తీసుకుంటున్నది ఇది." వాక్యంలో వస్తువు పేరు వస్తే వెనక్కి పంపండి. "ఏనుగు బొమ్మ" కుదరదు. "నాలుగు లావు కాళ్ళ మీద పెద్ద బరువు, కింద ఇరుకు ఖాళీ" కుదురుతుంది.

ఆ వాక్యం నుంచి 5×7 సెంటీమీటర్ల చిన్న గళ్ళలో 12 ఆలోచనలు. మొదటి నాలుగూ వస్తువులాగే ఉంటాయి, పట్టించుకోకండి, పనికొచ్చేవి ఏడో ఎనిమిదో దాటాక వస్తాయి. వాటిలోంచి మూడు నమూనాలు, 10 సెంటీమీటర్ల ఎత్తు, ఒక్కోటి అరగంటలో, వేరే వేరే పదార్థాల్లో: మట్టి, తీగ, అట్ట. పదార్థం మారగానే దించడం దానంతటదే ఆగిపోతుంది, రాతిలో నిలబడింది తీగలో నిలబడదు, ఏదో ఒకటి మార్చక తప్పదు. మట్టితో చేసేటప్పుడు గోడ మందం అంతటా ఒకేలా ఉండాలి, చిటికెనవేలంత చాలు. ఒకచోట లావు, ఒకచోట సన్నం అయితే ఆరేటప్పుడు సన్నటి చోటు ముందు ఆరి కుంచించుకుని పగులుతుంది.

ఎక్కువమంది బోల్తాపడేది అలంకారం దగ్గర. అంచునున్న లతనో చుక్కల వరసనో తీసి తమ పని మీద అతికిస్తారు. పరీక్ష ఒకటుంది: ఆ నగిషీ అంతా చెరిపేయండి. అయినా ఆ వస్తువుకి రుణపడి ఉందంటే పని కుదిరినట్టు.

ఇంగ్లండు శిల్పి హెన్రీ మూర్ 1929లో చెక్కిన పడుకున్న స్త్రీ విగ్రహానికి చాక్‌మూల్ అనే పాతకాలపు మెక్సికో శిల్పం మూలం. ఆయన అప్పటికి మెక్సికో వెళ్ళలేదు, పుస్తకంలో బొమ్మ, ప్లాస్టర్ అచ్చు మాత్రమే చూశాడు. తీసుకున్నది ఆ పడుకున్న భంగిమ, పక్కకి తిరిగిన తల, రాతి బరువు. దేవుడి గుడి ముందు ఉండే మగ విగ్రహం స్త్రీ అయింది. ఇది గీత వల్లా, ఫొటో వల్లా అని అడిగితే జవాబు లేదు.

మ్యూజియంమూల:
ఒక చిన్న మాట. పూజకో చావుకో సంబంధించిన వస్తువు ఎంచుకుంటే దాని వాడుక తెలుసుకున్నాకే పని మొదలుపెట్టించండి. లేబుల్ చాలకపోతే మ్యూజియంవాళ్ళకి రాయండి, చాలాచోట్ల జవాబిస్తారు.

గాజువెనక:
ఎర్రమట్టి గారి "నిర్ణయం" మాటకి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. చిత్తుపుస్తకం గారూ, మీకు రుజువే కావాలంటే ఆ ఒక్క వాక్యం, 12 గళ్ళు, మూడు నమూనాలు చూడండి. దించినవాళ్ళు అక్కడే దొరికిపోతారు. చెయ్యి వణికే పిల్లకీ అందులో చోటుంది.

చిత్తుపుస్తకం:
సరే, ఇలా చేస్తాను. మొదటి 70 నిమిషాలు ఫోన్లు బ్యాగులో. ఆ తర్వాత ఎంచుకున్న వస్తువుకి మాత్రమే, మనిషికి ఎనిమిది ఫొటోలు. పెన్సిల్ కష్టమైనవాళ్ళకి మొదటినుంచీ ఫోను, లేదా గట్టి మూత ఉన్న డబ్బాలో మరక అంటని మైనపు మట్టి, మ్యూజియం ఒప్పుకుంటే. మార్కుల్లో స్కెచ్‌బుక్ భాగం సగానికి తగ్గించి, మిగతాది గళ్ళకీ నమూనాలకీ వేస్తాను. పూర్తిగా తీసెయ్యలేను.

బొగ్గుముక్క:
సగం ఉన్నా తిరగరాస్తారు. పేజీలు అక్కడే, బయటికి వచ్చేముందే, తేదీ వేసి సంతకం పెట్టండి. అప్పటికీ స్కెచ్‌కి మార్కు వెయ్యడం తప్పనే అంటాను.

గాజువెనక:
ఎనిమిదిలో లేబుల్ కూడా లెక్కేనా?

చిత్తుపుస్తకం:
కాదు. లేబుల్ తొమ్మిదోది, అది తీయకపోతే మిగతా ఎనిమిదీ చూడను.