అప్‌డేట్: మార్పిడి చేసిన కిడ్నీలో క్రియాటినిన్ పెరిగింది, తిరస్కరణేనా?

కిడ్నీ మార్పిడి జరిగిన ఏడాదికి క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం, రక్తంలో కొలుస్తారు) 1.2 నుంచి 1.9కి పెరిగింది, ఇది తిరస్కరణేనా, అంటే శరీరం కొత్త కిడ్నీపై దాడి చేస్తోందా అని అడిగాను. బయాప్సీ రిపోర్టు వచ్చింది. తిరస్కరణే, టి కణాల (రోగనిరోధక తెల్ల రక్తకణాల) వల్ల. కిడ్నీలోని సన్నని నాళికల గోడల్లోకి లింఫోసైట్లు (టి కణాలు ఈ రకానివే) దూరి ఉన్నాయి. సి4డి (యాంటీబాడీల దాడికి గుర్తు) నెగటివ్, దాత కణాలపై యాంటీబాడీలు కూడా లేవు.

తిరస్కరణను ఆపడానికి వాడే టాక్రోలిమస్ మందు లెవెల్ రక్తంలో 3.1కి పడిపోయింది. టీబీకి మొదలుపెట్టిన రిఫాంపిసిన్ పేగుల్లో, కాలేయంలో ఎంజైములను పెంచి ఆ మందును త్వరగా కరిగించేస్తుంది. మందు తగ్గితే, అది అదుపులో ఉంచే కాల్సిన్యూరిన్‌కు (టి కణాలను రెచ్చగొట్టే ఎంజైముకు) పగ్గం వదిలేసినట్టే. టి కణాలు ఇంటర్‌ల్యూకిన్-2 (పెరగమని చెప్పే రసాయన సంకేతం) తయారుచేసుకుని ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి.

మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 500 మి.గ్రా. చొప్పున 3 రోజులు సెలైన్‌లో ఎక్కించారు. రిఫాంపిసిన్ బదులు, ఆ ఎంజైములను అంతగా పెంచని రిఫాబుటిన్ ఇస్తున్నారు. క్రియాటినిన్ ఇప్పుడు 1.4.

టాక్రోలిమస్ ఎక్కువైనా క్రియాటినిన్ పెరుగుతుంది, అందుకే బయాప్సీ లేకుండా ఊహించడం ప్రమాదం. ఇంకో మాట, దయచేసి గుర్తుంచుకోండి: టాక్రోలిమస్ లెవెల్ పరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత, పొద్దుటి మాత్రకు ముందే, ఊదారంగు మూత ట్యూబులో రక్తం ఇవ్వాలి. మాత్ర వేసుకుని వెళ్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే అసలుకే ఎసరు.